న్యూ డీల్ వల్ల అమెరికా మాంద్యం తీరిందా, ఇంకా సాగిందా? (బావమరిదితో పందెం)

పందెం_పరంధాం
నిన్న ఆదివారం భోజనాల దగ్గర మా ఇంట్లో పెద్ద రచ్చ. మా బావమరిది ఈ మధ్య ఏవో వీడియోలు చూస్తున్నాడు, సర్కారు డబ్బు పంచితే ఏ దేశమూ బాగుపడదు అని మొదలెట్టి ఎగ్జాంపుల్‌కి 1930ల అమెరికాని లాక్కొచ్చాడు. రూజ్‌వెల్ట్ 1933లో అక్కడ ప్రెసిడెంటుగా గద్దెనెక్కి ఏళ్ల తరబడి డబ్బు గుమ్మరించాడు, అయినా 1938లో నూటికి 19 మందికి పని లేదు, యుద్ధం వచ్చాకే ఆ దరిద్రం తీరింది, కాబట్టి న్యూ డీల్ అని పేరు పెట్టిన ఆయన పథకాలన్నీ ఏట్లో పిసికిన చింతపండే అని వాడి వాదన. నేను బళ్లో చదువుకున్నది రూజ్‌వెల్టే గట్టెక్కించాడని. ఎవరూ తగ్గలేదు, వెయ్యి రూపాయలు పందెం కాసుకున్నాం, డబ్బు మా ఆవిడ చేతిలో పెట్టాం. లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి. నా వైపే మాట్లాడమని అడగట్లేదు, మాట్లాడితే మాత్రం సంతోషం.

పచ్చిమిరపకాయ్
వెయ్యి మీ ఆవిడ చేతిలో పెట్టాక ఇంక గెలిచిందెవరో తేలిపోయింది కదా, మళ్లీ థ్రెడ్డెందుకు

లెక్కల_మాస్టారు
మీ బావమరిది చెప్పిన 19 తప్పు కాదు. కానీ ఒక్క ఏడాది అంకె పట్టుకుని వాదిస్తే ఎవడైనా గెలుస్తాడు. 1933లో ఆ అంకె 25 దగ్గర ఉంది, అంటే పని చేయగల ప్రతి నలుగురిలో ఒకడు ఖాళీ. 1929 నుంచి నాలుగేళ్లలో దేశం మొత్తం ఆదాయం డాలర్లలో చూస్తే దాదాపు సగానికి పడిపోయింది, 9 వేల బ్యాంకులు మూతపడ్డాయి. ఆ తర్వాత 1933 నుంచి 1937 దాకా ఏటా 8, 9 శాతం చొప్పున పెరిగింది. యుద్ధం లేని రోజుల్లో అమెరికా అంత జోరుగా పెరగడం అరుదు. మరి నిరుద్యోగం ఎందుకు అంత ఉండిపోయింది అంటే, బావిలో నలభై అడుగులు పడ్డవాడు ముప్పై ఎక్కినా ఇంకా బావిలోనే ఉంటాడు.

ఇంకో తిరకాసు ఉంది. డబ్ల్యూపీఏ లాంటి సర్కారీ పనుల్లో రోజూ పారతో పనిచేసి చెక్కు తీసుకున్నవాళ్లని కూడా పాత లెక్కల్లో నిరుద్యోగుల్లోనే కలిపేశారు. మైకేల్ డార్బీ అని ఒక ఆర్థికవేత్త 1976లో వాళ్లని పనివాళ్లుగా లెక్కేసి చూపించాడు, 1937లో 14 ఉన్నది 9 చిల్లరకి దిగింది. ఆ లెక్క సరైందా కాదా అనేది ఇంకా తగువే. నా మటుకు నాకు, పొద్దున్నే డ్యూటీకి పోయి సాయంత్రం వచ్చినవాణ్ణి నిరుద్యోగి అనడం వింతగా ఉంటుంది.

మార్కెట్_మామ
మాస్టారు సగం చెప్పి ఆపారు. అంత లోతుకి పడ్డ బంతి దానంతటదే పైకి లేస్తుంది, లేచినదాంట్లో ఎంత రూజ్‌వెల్ట్ గొప్పో తేల్చాలి కదా. నా దృష్టిలో ఆయన పథకాల్లో కొన్ని ఆ లేవడానికే అడ్డం పడ్డాయి. ఎన్‌ఆర్‌ఏ అని నీలం గద్ద బొమ్మ స్కీము ఒకటి, 1933లో పెట్టారు. ప్రతి పరిశ్రమకీ ఒక కోడ్, అందులో ఇంతకంటే తక్కువ రేటుకి అమ్మకూడదు, ఇంతకంటే ఎక్కువ సరుకు తీయకూడదు అని. జనం చేతిలో డబ్బు లేని రోజుల్లో రేట్లు పెంచమని సర్కారే చెప్పడం! కోల్, ఒహానియన్ అని ఇద్దరు 2004లో ఒక పేపర్ రాశారు, ఈ పాలసీల వల్ల మాంద్యం ఏడేళ్లు ఎక్కువ సాగిందని. ఏడేళ్లు అనేది నాకూ కొంచెం ఎక్కువే అనిపిస్తుంది, కానీ దిశ మాత్రం కరెక్టు. చివరికి కోడి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, పీడా పోయింది.

వరంగల్_పోరి
కోడి కేసేంది మామా, చెప్పి సావు

మార్కెట్_మామ
బ్రూక్లిన్‌లో షెక్టర్ అనే అన్నదమ్ములకి కోళ్ల వ్యాపారం. ఆ కోళ్ల కోడ్‌లో ఒక రూల్ ఏంటంటే, కొనడానికి వచ్చినవాడు గంపలోంచి ఏ కోడి చేతికొస్తే ఆ కోడే తీసుకోవాలి, ఇది కావాలి అది వద్దు అని ఏరుకోకూడదు. వీళ్లు ఏరుకోనిచ్చారని, జబ్బు కోడి అమ్మారని, ఇంకా చాలా రాసి కేసు పెట్టారు. 1935 మే 27న జడ్జీలందరూ ఒక్క మాట మీద ఎన్‌ఆర్‌ఏ చెల్లదన్నారు. ఇప్పుడు చెప్పు, ఇలాంటి రూల్‌తో దేశం బాగుపడుతుందా?

వరంగల్_పోరి
మా అమ్మమ్మ సంతల నాటుకోడిని కొంటే రెక్కలు పైకి లేపి, రొమ్ము పిసికి, కాళ్లు చూసి, ఊది ఈకల కింద తోలు చూసి, అప్పుడు బేరం మొదలువెడ్తది. చేతికి దొరికిందే తీస్కపో అంటే ఆ అమ్మేటోన్నే గంపల వెట్టి మూస్తుండె. గీ ముచ్చటల నేను మామ దిక్కే.

రిటైర్డ్_క్యాషియర్
కోళ్లు పక్కన పెట్టి బ్యాంకుల సంగతి చూడండి, అసలు కథ అక్కడుంది. నేను 34 ఏళ్లు కౌంటర్లో కూర్చున్నాను. 2000 తర్వాత మా ఊళ్లో ఒక సహకార బ్యాంకు మునిగింది, మాది కాదు, మా వీధి చివరది. పొద్దున ఆరింటికే షట్టర్ ముందు జనం, ఒక ముసలాయన పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, మధ్యాహ్నం నేను భోజనానికి పోతుంటే అక్కడే ఉన్నాడు, సాయంత్రం ఇంటికి పోతుంటే అక్కడే. తమాషా ఏంటంటే ఆ రోజు మా బ్యాంకులో కూడా జనం డబ్బు తీసేశారు. మాకేం రోగం లేదు, అయినా తీశారు. భయానికి ఏ బ్యాంకైనా ఒకటే.

అమెరికాలో 1933 మార్చిలో దేశం మొత్తం అలా ఉంది. రూజ్‌వెల్ట్ 4న ప్రమాణం చేశాడు, 6న బ్యాంకులన్నీ మూయించాడు, 9న చట్టం చేయించాడు, 12 రాత్రి రేడియోలో కూర్చుని డబ్బు పరుపు కింద దాచుకునే కంటే మళ్లీ తెరిచిన బ్యాంకులో పెట్టుకోవడమే క్షేమం అని మామూలు మాటల్లో చెప్పాడు, 13 నుంచి తెరవడం మొదలైంది. జనం మళ్లీ క్యూ కట్టారు, ఈసారి డబ్బు వేయడానికి! తర్వాత డిపాజిట్ ఇన్సూరెన్స్ పెట్టారు, 1934 జనవరి నుంచి తలకి 2,500 డాలర్ల దాకా. అంతకుముందు ఏటా వందలు, వేలల్లో మునిగే బ్యాంకులు, 1934లో ఇన్సూరెన్స్ ఉన్నవాటిలో మునిగినవి 9. తొమ్మిదంటే తొమ్మిది. దీనికి సర్కారు గుమ్మరించిన డబ్బెంత? మిగతా పథకాలతో చూస్తే తక్కువే. నేను ఉన్నాను అని గట్టిగా ఒక మాట చెప్పింది, దాని వెనక చట్టం నిలబెట్టింది. మన దగ్గర ఆ ఇన్సూరెన్స్ లక్ష నుంచి 5 లక్షలకి పెరిగింది 2020లో. ఆ మెట్ల మీద ముసలాయన టైముకి లక్షే.

పందెం_పరంధాం
క్యాషియర్ గారూ ఇది బాగుంది, పాయింట్ రాసుకున్నాను. కానీ బావమరిది దీన్ని డబ్బు పంచడం అనడు, రూల్ పెట్టడం అంటాడు.

లెక్కల_మాస్టారు
అనాలి కూడా. న్యూ డీల్ అని ఒకే మాట అనేస్తాం గానీ అందులో మూడు నాలుగు రకాల సరుకు కలిసిపోయి ఉంది. ఆకలి తీర్చేది ఒకటి, పడిపోయిన వ్యాపారాన్ని లేపేది ఒకటి, మళ్లీ ఇలా జరక్కుండా వ్యవస్థని మార్చేది ఒకటి. ఎన్‌ఆర్‌ఏ మీద మామతో నాకు పేచీ లేదు. మాంద్యంలో సర్కారు ఖర్చు పెట్టాలనే ఆర్థికవేత్త కీన్స్ కూడా 1933 డిసెంబర్ చివర్లో న్యూయార్క్ టైమ్స్‌లో రూజ్‌వెల్ట్‌కి బహిరంగ లేఖ రాస్తూ దాదాపు అదే అన్నాడు. సంస్కరణ మంచిదే కానీ కోలుకోవడం ముందు చూసుకో, ఎన్‌ఆర్‌ఏ కోలుకోవడానికి అడ్డం రావచ్చు, అప్పు చేసి ఖర్చు పెట్టు అని. కీన్స్, మార్కెట్ మామ ఒకే మాట మీద ఉండటం ఈ వేదిక చరిత్రలో ఇదే మొదలు అనుకుంటా.

మార్కెట్_మామ
స్క్రీన్‌షాట్ తీసుకోండి, మళ్లీ జరగదు

చరిత్రపిచ్చి
అందరూ బంగారాన్ని మర్చిపోయారేంటి. డాలర్ బంగారానికి కట్టేసి ఉన్నంత కాలం అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌కి చేతులు కట్టేసినట్టే. 1933 ఏప్రిల్ 5న ఆర్డరు, జనం దగ్గరున్న బంగారు నాణేలు, కడ్డీలు బ్యాంకుకి అప్పజెప్పాలి, మనిషికి 100 డాలర్ల నాణేల దాకా ఉంచుకోవచ్చు. ఔన్సు రేటు 20.67 ఉన్నది 1934 జనవరికి 35 డాలర్లు చేశారు. యూరప్‌లో అప్పటికే హిట్లర్ భయం, బంగారం ఓడలెక్కి అమెరికా వచ్చింది, ఆ మేరకి డబ్బు పెరిగింది, ధరలు పడిపోవడం ఆగింది. ధరలు పడిపోతుంటే అప్పున్నవాడు చస్తాడు, ఎందుకంటే తీసుకున్నది అదే అంకె, పండించినదాని రేటు మాత్రం సగం. ఆర్థికవేత్త క్రిస్టినా రోమర్ 1992 పేపర్లో చెప్పింది ఇదే, అసలు కోలుకోవడం ఎక్కువగా ఈ డబ్బు వైపు నుంచి వచ్చింది, బడ్జెట్ వైపు నుంచి కాదు అని. బంగారాన్ని ముందు వదిలిన దేశాలు ముందు లేచాయి. బ్రిటన్ 1931 సెప్టెంబర్‌లో, జపాన్ అదే ఏడాది డిసెంబర్‌లో వదిలాయి. ఫ్రాన్స్ 1936 దాకా పట్టుకు వేలాడింది, అన్నాళ్లూ నలిగింది.

పచ్చిమిరపకాయ్
బంగారం అప్పజెప్పమని మన దగ్గర ఆర్డరేస్తే ఆ రాత్రికే గవర్నమెంటు పడిపోద్ది

చరిత్రపిచ్చి
నగల జోలికి పోలేదులే, నాణేలు, కడ్డీలు, సర్టిఫికెట్లే. మన నగలు మాత్రం ఎవడూ ఆర్డరు వెయ్యకుండానే పోయాయి ఆ రోజుల్లో. బ్రిటన్ బంగారాన్ని వదిలాక రూపాయల్లో బంగారం రేటు పెరిగింది, ఇటు పంట రేటు పాతాళంలో ఉంది, దాంతో పల్లెల్లోంచి తులాలు తులాలుగా అమ్ముకుంటే అదంతా బొంబాయి నుంచి ఓడల్లో పోయింది.

గోదారిగట్టు
మా ఇంట్లో దాని గుర్తు ఉంది. మా ముత్తవ్వ కాసులపేరు. ఫొటోలో ఉంది, ఇంట్లో లేదు. పండింది నిండుగానే ఉండేదట గాదెలో, కొనేవాడు చెప్పే రేటుకి శిస్తు కట్టడానికే సరిపోయేది కాదట. ముందు కాసులపేరు పోయింది, తర్వాత కోమటాయన దగ్గర నోటు, దాని మీద వడ్డీ. మా తాతయ్య చెప్పేవాడు, కాసులు ఒకేసారి అమ్మలేదు, దారం విప్పి కాసు కాసు అమ్మారంట, చివర్న దారం మాత్రం మా ముత్తవ్వ బీరువాలో దాచుకుందంట.

మనకీ రిలీఫ్ వచ్చిందండోయ్, ఆలస్యంగా. 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ ఉపశమన చట్టం చేసింది. 1932 అక్టోబర్ ముందు చేసిన అప్పులకి 1937 అక్టోబర్ 1 నాటికి బాకీ పడ్డ వడ్డీ మొత్తం రద్దు, అసలు మాత్రం కట్టాలి. అప్పటికే అసలుకి రెండింతలు చెల్లించి ఉంటే నోటే చెల్లు. మా వాళ్ల నోటు అలాగే పోయింది. కానీ ఆ తర్వాత మా ముత్తాతకి ఊళ్లో ఎవరూ అప్పు ఇవ్వలేదంట, విత్తనాలక్కూడా. దీన్ని మంచి అనాలో చెడు అనాలో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు, మా బాబాయి ఒకటంటాడు, నాన్న ఒకటంటాడు.

మార్కెట్_మామ
చూశారా. మాఫీకి అసలు ధర అదే, రేపు అప్పు పుట్టదు.

గోదారిగట్టు
మాఫీ లేకపోతే రేపటికి పొలమే మిగలదు కదా మామా, పొలం లేనివాడికి ఎటూ అప్పు పుట్టదు. మా బాబాయి ఇదే అంటాడు.

కరువుసీమ_కుర్రోడు
మీరంతా పేపర్లు, బంగారం అంటాండారు, పని గురించి ఒకరూ మాట్లాడరే. మాది అనంతపురం. ఉపాధి హామీ దేశంలో మొదలైందే మా జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ వచ్చి మొదలుపెట్టినాడు. మా ఊర్లో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు, కరువు పని అంటారు. మా అమ్మ పోయేది. పొద్దున ఆరుకే గడ్డపార, తట్ట, సద్ది మూట, గుంత కొలత వేసి ఇస్తారు, మస్టర్లో పేరుంటేనే కూలి. డబ్బు వారాలు లేటయ్యేది, అది వేరే కథ. వచ్చిన్నాడు మా అమ్మ ఫస్టు ఏం చేసేదో తెలుసా, కిరాణా కొట్టు బాకీ కట్టేది. మిగిల్తే నాకు చెప్పులు. ఆ కొట్టాయన టౌన్‌కి పోయి సరుకు తెచ్చేవాడు. ఊర్లో డబ్బు తిరగడమంటే ఇదే కదన్నా?

రూజ్‌వెల్ట్ కింద రిలీఫ్ పనులు చూసిన హ్యారీ హాప్‌కిన్స్ సంగతి చదివినాను, చలికాలం వస్తాందని 1933 నవంబర్లో సీడబ్ల్యూఏ అని సర్కారీ పనుల పథకం మొదలుపెట్టి జనవరికల్లా 40 లక్షల మందికి పని ఇచ్చినాడంట. రెండు నెలల్లో! మాకు జాబ్‌కార్డులో పేరు తప్పు పడితే దిద్దడానికే ఆర్నెల్లు పట్టింది.

గోదారిగట్టు
తమ్ముడూ నీ మాట కాదనను గానీ నాట్ల టైములో మాకు మనుషులు దొరక్క పడే పాట్లు కూడా చూడాలి. మేట్ దగ్గర కొలత పని చేసుకుని పదకొండుకల్లా ఇంటికొచ్చేస్తుంటే పొలంలో వంగడానికి ఎవరొస్తారు.

కరువుసీమ_కుర్రోడు
కూలి పెంచితే వస్తారన్నా. మా పక్క అదే జరిగింది.

లెక్కల_మాస్టారు
ఈ పోట్లాట అచ్చంగా అక్కడా జరిగింది. దక్షిణ రాష్ట్రాల పత్తి భూస్వాములు డబ్ల్యూపీఏ వల్ల మాకు కూలీలు దొరకట్లేదని గోల పెడితే పత్తి తీసే సీజన్లో చాలాచోట్ల పనులు ఆపేసి జనాన్ని పొలాలకి తోలారు. పార మీద ఆనుకుని నిలబడే డబ్ల్యూపీఏ పనివాడి మీద జోకులు కూడా బోలెడు. 1935 నుంచి 1943 దాకా అందులో మొత్తం 85 లక్షల మంది పనిచేశారు, ఆ జోకులన్నీ ఆ 85 లక్షల మంది భరించారు.

డల్లాస్_బాబాయ్
ఆనుకుని నిలబడ్డవాళ్లు కట్టినవి ఇంకా నిలబడే ఉన్నాయి. నేను రోజూ సాయంత్రం వైట్ రాక్ లేక్ చుట్టూ నడుస్తాను. అక్కడ 1935 నుంచి సీసీసీ అనే న్యూ డీల్ పనుల పథకం కుర్రాళ్ల క్యాంపు ఉండేది, దాని గుర్తుకి గొడ్డలి పట్టుకున్న కుర్రాడి విగ్రహం ఒకటి పెట్టారు. నెలకి 30 డాలర్లు జీతం, అందులో 25 నేరుగా ఇంటికి పంపాలి, వాడి చేతికి 5. గల్ఫ్ పోయిన మన పిల్లలు ఇంటికి పంపే లెక్క గుర్తొస్తుంది నాకు. మొత్తం తొమ్మిదేళ్లలో ఓ 30 లక్షల మంది ఆ క్యాంపుల్లో పనిచేశారు, దేశమంతా మొక్కలు నాటారు.

ఇక రిలీఫ్‌లో ఎవర్ని కలుపుతారు ఎవర్ని వదిలేస్తారు అనే ముచ్చట. 2020లో కరోనా చెక్కులు ఇచ్చారు కదా, మనిషికి 1,200. మా పక్కింటి తెలుగు కుర్రాడు హెచ్1బీ, పన్నులు పూర్తిగా కడతాడు. భార్య హెచ్4, ఆమెకి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, దాని బదులు ఇచ్చే ఐటిన్ అనే పన్ను నంబర్ మీద ఇద్దరూ కలిపి పన్ను ఫైల్ చేశారు. అంతే, ఆమెకే కాదు, అతనికీ రాలేదు! పెళ్లి చేసుకోకపోతే వచ్చేది. డిసెంబర్లో చట్టం మార్చి సరిదిద్దారు, అప్పటిదాకా ఆ అమ్మాయి "నా వల్ల నీ డబ్బు పోయింది" అని ఏడుపు.

వరంగల్_పోరి
వదిలేసుడు అంటే గుర్తొచ్చింది. న్యూ డీల్‌ల ఏఏఏ అని సాగు తగ్గిస్తే పైసలిచ్చే స్కీము ఉండె, పత్తి రేటు పెరగాలని 1933ల మొలిచిన పత్తినే కోటి ఎకరాల దాకా దున్నిచ్చిన్రు, 60 లక్షల పందిపిల్లల్ని సంపిచ్చిన్రు. ఒక దిక్కు జనం ఆకలికి సస్తుంటే. సాగు తగ్గిచ్చినందుకు పైసలు ఎవలకి? భూమి ఉన్న దొరకి. సాగు తగ్గినంక పాలుకి చేసేటోనితోని ఏం పని, గుడిసె ఖాళీ చెయ్ అన్నరు. అర్కాన్సాస్‌ల నల్లోల్లు తెల్లోల్లు కలిసి 1934ల కౌలుదారుల సంఘం పెట్టుకున్నరు దాని మీదనే.

ఇగ మాదగ్గర చూడు. 2018ల రైతుబంధు ఎకరానికి నాలుగు వేలు మొదలైతే మా నాయిన పేరు మీద పాస్‌బుక్ ఉంది, మా నాయిన హన్మకొండల ఉంటడు, ఊల్లె భూమి దున్నేది మా సాయన్న. పైసలు మా నాయిన ఫోన్‌కి టింగుమని వచ్చేటియి. ఆ ఏడు పత్తి మునిగితే మునిగింది సాయన్నది. మా నాయిన సగం ఇచ్చిండు, అది మా అమ్మ కొట్లాడితే.

మార్కెట్_మామ
ఈ పోస్టుకి మాత్రం సలాం. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంలో కూడా పొలం కూలీలని, ఇళ్లల్లో పనిచేసేవాళ్లని బయట పెట్టేశారు, దక్షిణాదిలో వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే. సర్కారు చేతికి సంచి ఇస్తే ముందు ఎవరి గొంతు పెద్దదో వాళ్ల వైపు తిప్పుతుంది, నేను మొదట్నుంచీ మొత్తుకునేది ఇదే.

వరంగల్_పోరి
మామా నువ్వు మొత్తుకునేది సంచే వద్దని. నేనంటున్నది సాయన్నకి ఇయ్యమని. రెండిటికి మస్తు ఫరకుంది.

చరిత్రపిచ్చి
దీని మీద ఆర్థికవేత్త ప్రైస్ ఫిష్‌బ్యాక్ వాళ్లు జిల్లా జిల్లా లెక్కలు తీసి చూశారు. రిలీఫ్, సర్కారీ పనుల డబ్బు పడ్డ కౌంటీల్లో కొట్ల అమ్మకాలు పెరిగాయి, ఏఏఏ డబ్బు పడ్డచోట పెరగలేదు. పెద్ద ఊళ్లలో రిలీఫ్ ఖర్చు పెరిగిన కొద్దీ పసిపిల్లల చావులు, ఆత్మహత్యలు తగ్గాయని కూడా తేల్చారు. అంటే మన సీమ తమ్ముడి కిరాణా కొట్టు థియరీకి సాక్ష్యం ఉన్నట్టే.

కరువుసీమ_కుర్రోడు
మా అమ్మకి చెప్తా, అమెరికా ప్రొఫెసర్లు ఒప్పుకున్నారని

శ్రీశైలం_ముంపు
టెన్నెసీ వ్యాలీ గురించి ఎవరైనా ఎత్తుతారేమో అని చూస్తున్నా. ఆ నది మీద డ్యాములు కట్టిన న్యూ డీల్ సంస్థ టీవీఏ, దాని కరెంటు గొప్పదే, 1935 నాటికి అమెరికా పల్లెల్లో పది ఇళ్లకి ఒకదానికే కరెంటు. కానీ ఆ నారిస్ డ్యామ్ కింద దాదాపు 3 వేల కుటుంబాలని లేపేశారు, సమాధులు కూడా తవ్వి వేరేచోటికి మార్చారు. మా తాతది కృష్ణ ఒడ్డున మునిగిన ఊరు. ఎండాకాలం నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం సెల్ఫీలకి పోతారు, మా తాత మా ఇల్లు ఆ పక్కన అని చెయ్యి చూపించేవాడు. అక్కడ బురద తప్ప ఏమీ లేదు. దేశానికి లాభం అనే లెక్కలో ఆ బురద ఎక్కడ రాస్తారో నాకు తెలీదు. సరే, సబ్జెక్టు తప్పాను.

పందెం_పరంధాం
తప్పలేదు సార్. కానీ నా వెయ్యి సంగతి ఏమైంది ఎవరైనా చెప్పండయ్యా. 1938లో 19 అనే మాటకి నాకింకా జవాబు రాలేదు.

లెక్కల_మాస్టారు
అక్కడికే వస్తున్నా, పందెం అక్కడే తేలుతుంది. మీ బావమరిది పట్టుకున్న 1938 ఉంది చూశారూ, అది ఖర్చు పెట్టినందుకు వచ్చింది కాదు, ఆపినందుకు వచ్చింది.

1936లో మాజీ సైనికులకి బోనస్ ఇచ్చారు, జనం చేతిలో డబ్బు ఆడింది. 1937 నాటికి నిరుద్యోగం 14కి దిగింది. ఇంక చాలు, బడ్జెట్ సరిచేద్దాం అనుకున్నారు. రూజ్‌వెల్ట్ మనసులో ఎప్పుడూ లోటు బడ్జెట్ అంటే గిట్టనివాడే, 1932 ఎన్నికల్లో అప్పటి ప్రెసిడెంటు హూవర్‌ని ఎక్కువ ఖర్చు పెట్టేస్తున్నాడని తిట్టిన మనిషి. డబ్ల్యూపీఏ తగ్గించారు, బోనస్ మళ్లీ లేదు, అదే 1937లో సోషల్ సెక్యూరిటీ కోత జీతాల్లోంచి మొదలైంది, పింఛన్లు మాత్రం ఇంకా మొదలవలేదు, తొలి నెలవారీ చెక్కు 1940లో గానీ రాలేదు. ఇటు ఫెడరల్ రిజర్వ్ 1936 ఆగస్టు నుంచి 1937 మే లోపు బ్యాంకులు పక్కన పెట్టాల్సిన రిజర్వు రెట్టింపు చేసింది. ఖజానా వాళ్లు వచ్చిన బంగారాన్ని డబ్బుగా మారకుండా మూల పడేశారు. అన్నీ ఒకేసారి! జ్వరం తగ్గుముఖం పట్టిందని మందు, గంజి, దుప్పటి మూడూ ఒకే రోజు తీసేసినట్టు. ఏడాది తిరిగేసరికి కర్మాగారాల ఉత్పత్తి మూడో వంతు పడిపోయింది, నిరుద్యోగం 14 నుంచి 19. అప్పుడు భయపడి 1938లో మళ్లీ ఖర్చు మొదలెడితే మళ్లీ లేచింది, 1940కి 14 చిల్లర.

మార్కెట్_మామ
మాస్టారూ ఆ కూడిక సరే, కానీ 1937లో కొత్త పన్నులు, కార్మిక సంఘాల సమ్మెలు, పెట్టుబడి పెట్టేవాళ్ల భయం, అవీ ఉన్నాయి. ఒక్క బడ్జెట్ మీదే తోసేయకండి.

లెక్కల_మాస్టారు
ఉన్నాయి, కాదనను. కానీ 1938లో ఖర్చు తిరిగి పెంచి, బంగారం మూల పడేయడం మానగానే లేచింది, పెట్టుబడిదారుల భయం అప్పటికప్పుడు మాయమైందా?

డల్లాస్_బాబాయ్
యుద్ధం సంగతి నాకో డౌటు. యుద్ధం వల్లే తీరింది అంటారు, మరి యుద్ధం ఖర్చు ఎవరిది? ట్యాంకులు కొన్నది సర్కారే కదా, అదీ అప్పు చేసి. పారకి డబ్బిస్తే వృథా, ఫిరంగికి డబ్బిస్తే ఫలితం, ఇదెక్కడి లెక్క?

చరిత్రపిచ్చి
క్యారీ బ్రౌన్ అని ఎంఐటీ ఆయన 1956లో ఇదే లెక్క కట్టాడు. ఫెడరల్ ప్రభుత్వం ఒక చేత్తో ఇస్తుంటే రాష్ట్రాలు, మునిసిపాలిటీలు ఇంకో చేత్తో పన్నులు పెంచి, ఖర్చు కోసుకుని లాగేశాయి. మొత్తం కలిపి చూస్తే జోరు చాలా తక్కువ. ఖర్చు మందు పనిచెయ్యలేదు కాబట్టి కాదు, అసలు వెయ్యలేదు కాబట్టి అని ఆయన మాట సారాంశం.

మార్కెట్_మామ
యుద్ధంలో జనానికి పంచదార, పెట్రోలు, టైర్లు రేషన్. నిరుద్యోగం 1944లో 1 చిల్లరకి వచ్చింది నిజమే, కోటి పైన మందిని మిలిటరీలో వేస్తే ఎందుకు రాదు? దాన్ని బాగుపడటం అనను. కానీ సరే, ఒకటి ఒప్పుకుంటా. "పథకాలు దండగ, యుద్ధం వల్ల తీరింది" అనే రెండు ముక్కలూ ఒకే నోటితో అనకూడదు. ఏదో ఒకటే అనాలి. పరంధాం బావమరిది రెండూ అన్నాడు కాబట్టి వాడు ఓడాడు. రూజ్‌వెల్టే గట్టెక్కించాడు అన్నాడు కాబట్టి పరంధామూ ఓడాడు, ఎందుకంటే బంగారం, బ్యాంకులు తీసేస్తే మిగతా పథకాలకి అంత సీను లేదు.

రిటైర్డ్_క్యాషియర్
బంగారం, బ్యాంకులు చేసింది మాత్రం ఎవరండీ, రూజ్‌వెల్ట్ కాదా?

మార్కెట్_మామ
క్యాషియర్ గారూ రేపు మాట్లాడదాం, ఆఫీసు ఉంది

పచ్చిమిరపకాయ్
పారిపోయాడు పారిపోయాడు

పందెం_పరంధాం
అప్‌డేట్. బావమరిదికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. కోడి కేసుకి తెగ నవ్వాడు, 1937 దగ్గర మాత్రం మాట్లాడలేదు, ఫోన్ తీసుకుని తనే చాలాసేపు వెతికాడు. చివరికి, "సరే బావా, డ్రా" అన్నాడు. ఎవరి ఐదొందలు వాళ్లు తీసుకుందామని మా ఆవిణ్ణి అడిగితే, ఏ డబ్బు? రెండు నెలలుగా పాలాయనకి బాకీ ఉంటే కట్టేశాను అంది.

కరువుసీమ_కుర్రోడు
అక్క కరెక్టు. మా అమ్మ రూటే.

లెక్కల_మాస్టారు
పరంధాం గారూ, ఆ పాలాయన ఆ వెయ్యి ఏం చేశాడో కనుక్కుని చెప్పగలరా? నిజంగానే అడుగుతున్నా.

పందెం_పరంధాం
పొద్దున అడిగాను మాస్టారూ, ఎందుకు సార్ అని అనుమానంగా చూశాడు. తవుడు, చెక్క తెచ్చే కొట్లో బాకీ కట్టాడట.